బల్ల మీద తుపాకి

జనవరి 20, సోమవారం

లైల్ స్టెన్‌రూడ్ ఫోన్ చేశాడు. మా రాష్ట్ర రాజధాని హెలెనాలో శాసనసభ మొదలై రెండు వారాలు కాలేదు, అప్పుడే వాడి గొంతు పెద్దమనిషి గొంతయిపోయింది.

"టీచర్, మీరు రావాలి. పిల్లలున్న ఇంట్లో తుపాకికి తాళం వేసి పెట్టాలని బిల్లు తెచ్చారు. వేయకపోతే, అది పిల్లల చేతికి దొరికితే, ఇంటివాళ్ళ మీద కేసు. వచ్చే నెల పద్దెనిమిదిన మా కమిటీ ముందుకొస్తోంది. దాన్ని అక్కడే పడగొట్టాలి. మీకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు," అన్నాను. అబద్ధం ఆడటం దేనికి?

నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు నా మొదటి ఏడాది శిష్యుడు, పచ్చ నోటుబుక్కులో తొమ్మిదో నంబరు. ఇవాళ శాసనసభలో నడుం నిటారుగా పెట్టి కూర్చుంటున్నాడంటే అది నేను నేర్పిందే.

బల్ల సంగతి చెప్పమన్నాడు. ఎలా చెప్పాలో రాసి చూసుకుంటాను.

"సభ్యులారా, నా పేరు వెర్లా టోఫ్ట్. గొర్రెలు పెంచుతాం. ఇరవై తొమ్మిదేళ్ళుగా ప్రతి చలికాలం మా ఊరి హాల్లో పదేళ్ళు దాటిన పిల్లలకి తుపాకి పాఠం చెబుతున్నాను. మూడో క్లాసు రోజున, పిల్లలు బూట్లు విప్పుకునే బల్ల మీద ఒక పాత రైఫిల్‌ని ఎవరో మర్చిపోయినట్టు పెడతాను. లోపలి సూది తీసేసి ఉంటుంది, పేలదు. ఆ సంగతి పిల్లలకి తెలియదు. హాలు వంటగది కిటికీ రెక్క వెనక నిలబడి చూస్తాను. ముట్టుకున్నవాళ్ళు ఇంటికి పోతారు. ముట్టుకోకుండా నా దగ్గరికి వచ్చి చెప్పినవాళ్ళ పేరు నోటుబుక్కులోకి ఎక్కుతుంది. ఇప్పటికి ఆరు వందల మూడు పేర్లు. ముట్టుకున్న పిల్లవాడు ఒక్కడు లేడు. తాళం వేయాల్సింది ఇనప్పెట్టెకి కాదు, పిల్లల బుర్రకి."

బాగుంది. చివరి వాక్యం చాలా బాగుంది. మా ఆయన ఆర్విడ్‌కి చదివి వినిపించాను. చెవి మిషన్ సర్దుకుని, "ఇంకోసారి చదువు," అన్నాడు. నచ్చిందనుకుంటాను.

జనవరి 23

మూడు నిమిషాలే ఇస్తారట. ఇరవై తొమ్మిదేళ్ళకి మూడు నిమిషాలు! పోనీలే, మిగతావాళ్ళకి అది కూడా ఎక్కువే.

జనవరి 27

ఇవాళ బల్ల పరీక్ష. తొమ్మిదిమంది పిల్లలు, తొమ్మిదిమందీ పాస్. నోటుబుక్కు ఆరు వందల పన్నెండుకి చేరింది.

వాళ్ళలో మా రెన్ ఉంది. కూతురి కూతురని చెప్పడం లేదు గానీ, ఆ పిల్ల రైఫిల్‌ని చూసిన తీరు చూడాలి. అడుగు వెనక్కి వేసింది. పక్కనున్న పిల్లని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తిన్నగా వంటగదిలోకి వచ్చి, "టీచర్, బల్ల మీద ఎవరో తుపాకి మర్చిపోయారు," అంది. క్లాసులో అమ్మమ్మా అనకూడదని నేను పెట్టిన రూలు. అందరికంటే ముందు వచ్చింది కూడా ఆ పిల్లే. పదకొండేళ్ళు.

వాళ్ళమ్మ కెల్సీ తీసుకెళ్ళడానికి వస్తే ఆ మాటే చెప్పాను.

"నీ మనవరాలు కదమ్మా, ఇంకెలా ఉంటుంది?" అంది.

కాకిపిల్ల కాకికి ముద్దు అనుకుంటారేమో. అనుకోనీ.

జనవరి 31

రక్తపోటు చూపించుకోవడానికి క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడి నర్సు టెస్సా బ్రూవోల్డ్. నా శిష్యురాలే, నూట పద్నాలుగో నంబరు. మంచి గురి. నా చేతికి పట్టీ చుడుతూనే చెప్పింది.

"టీచర్, మీరు హెలెనా వెళ్తున్నారట. నేనూ వస్తున్నాను. కాకపోతే బిల్లు కావాలని చెప్పడానికి."

"నీ ఇష్టం. అందుకే కదా శాసనసభ ఉన్నది."

"మీరు బల్ల సంగతి చెప్తారా?"

"అదే చెప్తాను."

పట్టీలోకి గాలి కొట్టడం ఆపేసింది.

"వద్దు టీచర్. దయచేసి అది చెప్పొద్దు. మాకందరికీ తెలుసు."

"ఏం తెలుసు?"

"మూడో క్లాసులో బల్ల మీద తుపాకి ఉంటుందని, ముట్టుకోకూడదని, పరిగెత్తుకెళ్ళి మీకు చెప్పాలని. స్కూలు బస్సులో మా అన్న చెప్పాడు నాకు. వాడికి వేరేవాళ్ళు చెప్పారు. మీరు కిటికీ వెనక ఉంటారని కూడా తెలుసు. ఆ రోజు మాకు నవ్వాపుకోవడమే పెద్ద పరీక్ష."

నూట అరవై ఎనిమిది వచ్చింది. మళ్ళీ చూడమన్నాను. నూట డెబ్బై నాలుగు.

ఫిబ్రవరి 1

అబద్ధం.

ఫిబ్రవరి 2

టెస్సా అవతలి పక్షం. నా చేత మాట్లాడించకూడదని ఎవరో ఆ పిల్లకి ఎక్కించి ఉంటారు. రాజకీయం అంటే ఇదే. ఆరు వందల పన్నెండు మంది పిల్లలు, ఇరవై తొమ్మిదేళ్ళు, ఒక్కరు కూడా నా ముందు నోరు జారకుండా ఉంటారా? ఈ ఊళ్ళో ఎవరి కోడిపెట్ట ఎక్కడ గుడ్డు పెట్టిందో కూడా సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

ఆర్విడ్‌ని అడిగాను, "బల్ల సంగతి పిల్లలకి ముందే తెలుసంటున్నారు. నువ్వెప్పుడైనా విన్నావా?" అని.

"ఆ?" అన్నాడు.

గట్టిగా అడిగాను.

"ఈ మిషన్‌లో బ్యాటరీ అయిపోయినట్టుంది," అని లేచి వెళ్ళిపోయాడు. నిన్ననే కదా కొత్తది వేశాడు.

అబద్ధమని రుజువు చేయడం చిటికెలో పని. శనివారం పిల్లలు మా ఇంటికి వస్తున్నారు, తుపాకి చేత్తో పట్టుకుని కంచె దాటడం నేర్చుకోవడానికి. ఈసారి బల్ల ఉండదు. ఎవరికీ చెప్పను. ఆ రోజు ముగిసేసరికి టెస్సాకి ఫోన్ చేసి మర్యాదగా నాలుగు మాటలు చెబుతాను.

ఫిబ్రవరి 8, శనివారం

తొమ్మిదిమందిలో ఆరుగురు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆర్విడ్ రైఫిల్, దుర్భిణి ఉన్నది, గుళ్ళు తీసి, సూది తీసి, గొర్రెలు ఈనే కొట్టంలో తలుపు వెనక ఆనించాను. ఈనే రోజుల్లో నక్కల కోసం అందరి కొట్టాల్లోనూ తుపాకి ఉండే చోటే అది. పక్కనే అర మీద పాల సీసాలు. కారణం చెప్పకుండా నేను పురమాయిస్తే, ఆర్విడ్ బయట కంచె దగ్గర పాఠం చెబుతూ, ఒక్కొక్కరినీ సీసా తెమ్మని లోపలికి పంపాడు. తల్లులు లేని గొర్రెపిల్లలకి పాలు పట్టాలని పిల్లలందరికీ సరదాయే. నేను డెబ్బై ఒకటో ఏట నిచ్చెనెక్కి గడ్డి అటక మీద పడుకున్నాను.

మొదట వచ్చిన పిల్లవాడు సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. రెండోవాడు సీసా మాటే మరిచిపోయాడు. తుపాకిని భుజానికెత్తుకుని మూడు రకాలుగా నిలబడి చూసుకున్నాడు. ఇంకొక పిల్ల వేలితో తుపాకి మడమని నిమిరి, చుట్టూ చూసి, మళ్ళీ నిమిరింది. ఇంకొకడు ఎత్తి పట్టుకుని మీట నొక్కాడు. చప్పుడేమీ కాకపోతే పెదవి విరిచి పెట్టేశాడు.

అందరికంటే పాఠం బాగా వచ్చిన పిల్లవాడొకడు ఉన్నాడు. వాడు గొట్టం నేల వైపే ఉంచాడు. మీట మీద వేలు పెట్టలేదు. లోపల గుండు ఉందేమోనని తెరిచి చూశాడు. అన్నీ నేను నేర్పినట్టే చేశాడు, ఎవరూ చెప్పకుండా అసలు ముట్టుకోకూడదన్న ఒక్కటి తప్ప. వాడికి కోపం తెచ్చుకోవాలో మార్కులు వేయాలో నాకు తెలియలేదు.

వెళ్ళి నాకు గానీ ఆర్విడ్‌కి గానీ చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

టెస్సాకి ఫోన్ చేయలేదు.

ఫిబ్రవరి 9

చలి. మైనస్ ఇరవై నాలుగు. రాత్రి పదకొండు గొర్రెపిల్లలు పుట్టాయి, ఒక ఈత కవలలు.

ఫిబ్రవరి 10

ఆరుగురు అని రాశాను. ఏడుగురు.

ఇది నా డైరీ. ఇందులో కూడా అబద్ధం రాసుకుంటే ఇక నిజం ఎక్కడ రాస్తాను? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నా పని.

ఏడో పిల్ల రెన్. ఆఖరున వచ్చింది. సీసా తీసి జేబులో పెట్టుకుంది. తుపాకిని ఎత్తి, గొట్టం కిటికీ మీద ఆనించి, దుర్భిణిలో కన్ను పెట్టింది. కిటికీ అవతల ఆర్విడ్ కంచె దగ్గర నిలబడి పిల్లలకి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఆయన అటు నడిస్తే గొట్టం అటు తిరిగింది. ఇటు వస్తే ఇటు. వేలు ఎక్కడుందో నాకు అటక మీది నుంచి కనబడలేదు.

నేను కేక వేయలేదు. సూది లేదని తెలుసు, గుండు లేదని తెలుసు. అయినా ఆర్విడ్ పక్కకి తప్పుకోవాలని దేవుణ్ణి వేడుకున్నాను.

ఫిబ్రవరి 11

స్కూలు అవగానే రెన్ ఇటు వచ్చింది. బిస్కట్లు పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"శనివారం కొట్టంలో తుపాకి చూశావా?"

"చూశాను."

"ముట్టుకున్నావా?"

తల వంచుకుంది. "నువ్వు ఉన్నావా అక్కడ?"

"ఉన్నాను."

"తాతయ్య టోపీ మీద బొమ్మ కనపడుతుందేమో చూశానమ్మమ్మా. అంతే. వేలు మీట మీద లేదు, ఒట్టు."

"నా క్లాసులో అందరికంటే ముందు వచ్చి చెప్పిన పిల్లవి నువ్వు. మరి ఆ రోజు ఎందుకు ముట్టుకోలేదు?"

అప్పుడు నన్ను జాలిగా చూసింది. ఆ చూపు నేను జన్మలో మరిచిపోను.

"అది పరీక్ష కదా. ఇది బల్ల మీద లేదుగా."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. నన్ను తన్నిన వాళ్ళు ఆరు వందల పన్నెండు మంది, అందరూ పదేళ్ళ పిల్లలు.

ఆర్విడ్‌కి చెప్పాను. ఈసారి ఒక్కసారి చెప్పగానే వినబడింది.

"నా టోపీ మీద బొమ్మ కనపడిందటా?"

"కనపడిందట."

"మంచి దుర్భిణి అది," అన్నాడు. తర్వాత లేచి, వంటింటి తలుపు వెనక ముప్ఫై ఏళ్ళుగా నిలబడి ఉన్న రైఫిల్‌ని తీసి, గుళ్ళు తీసి బల్ల మీద పోశాడు. ఐదు. ఇంట్లో మనవరాలు తిరుగుతుండగా ఐదు. నేలమాళిగలో మామగారి కాలంనాటి ఇనప్పెట్టె ఉంది, దానిలో నా ఊరగాయ సీసాలుంటాయి. సీసాలు బయటికొచ్చాయి, రైఫిళ్ళు లోపలికెళ్ళాయి. తాళం చెవి ఆయన మెళ్ళో వేసుకున్నాడు.

"నక్క వస్తే?" అన్నాను.

"పరిగెత్తుతాను. అరవై ఏళ్ళ నుంచి నీ కోసం పరిగెత్తట్లేదూ?"

పెళ్ళయి నలభై తొమ్మిదేళ్ళే. ఆ మాటా అన్నాను.

"బల్ల సంగతి నీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"కెల్సీ నీ క్లాసుకి వెళ్ళినప్పటి నుంచి. నువ్వు ఆ నోటుబుక్కు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చే తీరు చూస్తే చెప్పబుద్ధి కాలేదు, వెర్లా."

ఫిబ్రవరి 13

జలుబు చేసేటట్టుంది. ఐదు గంటల ప్రయాణం ఈ చలిలో మంచిది కాదేమో. లైల్‌కి చెబితే అర్థం చేసుకుంటాడు. వెళ్ళకపోతే అబద్ధం చెప్పినట్టు కాదు. ఊరుకున్నట్టు, అంతే.

అదే రోజు, సాయంత్రం

కొట్టుకి వెళ్ళాను, పాలపొడి కోసం. గల్లా దగ్గర మేవిస్ దొరికింది. శనివారం మీట నొక్కిన పిల్లవాడు వాళ్ళ అబ్బాయే. ఆ తల్లికి తెలియదు.

"టీచర్! మావాడు మీ పరీక్ష పాసయ్యాడు! మా ఆయన ఎంత సంతోషపడ్డాడో. ఇక ఆ బీరువాకి తాళం ఎందుకని తీసి పక్కన పడేశాడు. వెర్లా టోఫ్ట్ పాస్ చేసిన పిల్లాడికి తాళమేమిటన్నాడు."

నా చేయి పట్టుకుని ఊపింది. వెనక నిలబడ్డ ఇద్దరు, "మా ఇంట్లోనూ అంతే," అన్నారు. గర్వంగా అన్నారు. నేను ఇరవై తొమ్మిదేళ్ళు నేర్పిన గర్వమే అది.

ఈ లోయలో ఎన్ని ఇళ్ళల్లో నా మాట మీద తాళాలు తీసి ఉన్నాయో?

"మేవిస్, ఇంటికెళ్ళగానే తాళం వేయమను," అన్నాను.

నవ్వింది. హాస్యమాడాననుకుంది.

జలుబు లేదు, గిలుబు లేదు. వెళ్తున్నాను.

ఫిబ్రవరి 15

రెన్‌కి చెప్పాను. "అక్కడ అందరి ముందూ జరిగింది చెప్పాలనుకుంటున్నాను. నువ్వు వద్దంటే నీ సంగతి చెప్పను. మిగతాది చెబుతాను."

చాలాసేపు గోడ గీకింది. గీకనిచ్చాను.

"నా పేరు చెప్తావా?"

"మనవరాలు అంటాను. నాకు ఉన్నది ఒక్కతే. అందరికీ తెలిసిపోతుంది."

"బళ్ళో నవ్వుతారు."

"నన్ను చూసి కూడా నవ్వుతారు."

"నిన్నా?" అంది. అది జరిగే పనేనా అన్నట్టు చూసింది. తర్వాత, "అయితే నేనూ వస్తాను. నువ్వు తప్పు చెప్పకుండా చూసుకోవాలి. వేలు మీట మీద లేదని మాత్రం చెప్పాలి."

ఎవరి మనవరాలు మరి!

ఫిబ్రవరి 18, మంగళవారం. హెలెనా. మధ్యాహ్నం, కాఫీ హోటల్లో.

అయిపోయింది. 

పొద్దున్న శాసనసభ వరండా నిండా జనం. సగం మంది కోటు మీద పసుపుపచ్చ బిళ్ళ పెట్టుకున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే దాని మీద నా వాక్యం. "తాళం ఇనప్పెట్టెకి కాదు, బుర్రకి." జనవరిలో ఫోనులో నేను చదివి వినిపిస్తే లైల్ అచ్చు వేయించాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి నా చేయి పట్టుకున్నారు. ఒకాయన టోపీ తీసి వంగాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం ఒళ్ళు పొంగింది. ఆ ఒక్క నిమిషంలో మూడు నిమిషాల పాత ప్రసంగం అంతా నాలుక చివరికి వచ్చేసింది.

లైల్‌ని పక్కకి లాగాను.

"బల్ల సంగతి నీకు తెలుసా?"

చెవుల దాకా ఎర్రబడ్డాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, పదిహేనేళ్ళ కుర్రాడిలా అయిపోయాడు.

"మొదటి ఏడాది కిటికీ రెక్క సందులో మీ కళ్ళజోడు మెరిసింది, టీచర్. బస్సులో అందరికీ చెప్పింది నేనే."

"తెలిసీ నన్ను పిలిచావా?"

"ఆరు వందల మందిలో ఎవరికీ ఏమీ కాలేదు కదా. అది నిజమే కదా? మీరు మమ్మల్ని బాగానే తయారు చేశారు. ఇక ఈ బిల్లు అంటారా, పోలీసు షెరీఫ్ మా ఇంటికి రావాలంటే గంటన్నర. నేను ఇక్కడుంటే మా ఆవిడ ఒక్కతే ఉంటుంది పిల్లలతో. ఎవడైనా తలుపు బద్దలు కొడితే తాళం చెవి వెతుక్కుంటూ కూర్చోవాలా? సర్కారు వాళ్ళు వచ్చి నా పడకగదిలో ఏది ఎక్కడ పెట్టుకోవాలో చెప్పాలా?"

అది దొంగ మాట కాదు. ఇన్నేళ్ళూ నేనూ అదే అన్నాను. అంతలోనే లోపలికి పిలిచారు.

కావాలన్నవాళ్ళు ముందు మాట్లాడారు. టెస్సా క్లినిక్‌కి వచ్చిన పిల్లల గురించి చెప్పింది. పేర్లు చెప్పలేదు, వయసులే చెప్పింది. తర్వాత వద్దన్నవాళ్ళ వంతు. నన్నే మొదట పిలిచారు. పసుపు బిళ్ళల వాళ్ళు చప్పట్లు కొడితే అధ్యక్షురాలు సుత్తి కొట్టి ఆపింది.

నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, రెన్ పక్కన కూర్చుని సరిచూస్తోంది.

"నా పేరు వెర్లా టోఫ్ట్. మీలో కొందరు పెట్టుకున్న బిళ్ళ మీది వాక్యం నాది. నా పరీక్షలో ఆరు వందల పన్నెండు మంది పిల్లలు పాసయ్యారని చెప్పడానికి ఒక ప్రసంగం రాసుకున్నాను. ఆ పరీక్ష ప్రశ్న మొదటి ఏడాదే బయటికి పొక్కింది. నాకు తప్ప ఊరందరికీ తెలుసు. ఈ నెల ఎనిమిదిన ఎవరికీ తెలియకుండా మళ్ళీ పెట్టాను. తొమ్మిదిమందిలో ఏడుగురు తుపాకి ముట్టుకున్నారు. మంచి పిల్లలు. ఈ రాష్ట్రంలో వాళ్ళకంటే బాగా పాఠం వచ్చిన పిల్లలు లేరు, ఎందుకంటే చెప్పింది నేను. ఆ ఏడుగురిలో ఒకతె నా మనవరాలు. వేలు మీట మీద లేదు. కానీ గొట్టం నా భర్త వైపు ఉంది. ఆ దుర్భిణిలోంచి తాతయ్య టోపీ చూసింది. అది పిల్లల బుర్ర. దానికి తాళం పడదు. పడుతుందని ఇరవై తొమ్మిదేళ్ళు చెప్పాను, నా మాట నమ్మి ఇళ్ళల్లో తాళాలు తీసేశారు. అది నా తప్పు. చెప్పుకోవడానికి వచ్చాను."

గడియారంలో ఇంకా యాభై సెకన్లు ఉన్నాయి.

అధ్యక్షురాలు కాగితం చూసింది. "అమ్మా, మీరు వ్యతిరేకం అని సంతకం పెట్టారు. ఇంతకీ మీరు బిల్లుకి అనుకూలమా, వ్యతిరేకమా? ఎక్కడ రాసుకోమంటారు?"

"మీ చట్టం సంగతి మీరు చూసుకోండి," అన్నాను. "నేను టీచర్ని. ఆరు వందల పన్నెండు పేపర్లు తప్పుగా దిద్దాను. మళ్ళీ దిద్దుతున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను తల దించలేదు. పెళ్ళినాడు చర్చిలో నడిచినంత నిటారుగా నడిచి వెనక్కి వచ్చాను. నా కుర్చీలో ఎవరో కూర్చున్నారు. టెస్సా తన కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్క కుర్చీ ఖాళీ చేసింది.

రెన్ నా చెవిలో అంది, "మూడు నిమిషాలు కాలేదు. రెండూ పది."

ఆర్విడ్ ఇప్పుడు రెండో ముక్క కేకు తింటున్నాడు. తింటూ, "ఇవాళ ఆ మిషన్ పెట్టుకున్నందుకు సంతోషంగా ఉంది," అన్నాడు.

నలభై తొమ్మిదేళ్ళలో ఆ మనిషి నన్ను పొగిడింది ఇది రెండోసారి.

ఫిబ్రవరి 21

కమిటీ ఓట్లు. వద్దని పన్నెండు, కావాలని ఎనిమిది. బిల్లు పోయింది. లైల్ పన్నెండులో ఉన్నాడు.

ఫోనులో ఎవరో పేరు చెప్పకుండా నన్ను ద్రోహి అన్నారు. పేరు చెప్పకపోతే ఏం, గొంతు నాకు తెలుసు. రెండు వందల మూడో నంబరు. అప్పుడూ వాడికి అందరిలో మాట్లాడాలంటే భయమే.

వచ్చే ఏటి క్లాసుకి పేరిచ్చిన నలుగురు మానుకున్నారు. బళ్ళో ఎవరో రెన్‌ని "దుర్భిణి" అన్నారట. "నీ వేలు ఎక్కడుంటుందో నాకు తెలుసు, ముక్కులో," అని జవాబిచ్చిందట. కెల్సీ తిట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 22

చట్టం లేదు. నోటుబుక్కు ఉంది. ఒకటో నంబరు నుంచి ఫోన్లు మొదలుపెట్టాను.

ఈ లోయలో షెరీఫ్‌కి భయపడనివాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు భయపడనివాళ్ళు లేరు. ఒకటో నంబరు, ఇప్పుడు ముగ్గురు పిల్లల తండ్రి, "ఇప్పుడే వేస్తాను టీచర్, ఇప్పుడే," అన్నాడు. నాలుగో నంబరు ఫోను పెట్టేసింది. మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేసింది. ఐదోసారి ఎత్తింది. మేవిస్ మొగుడు నా శిష్యుడు కాదు, అయినా వరస తప్పించి చేశాను. వాళ్ళబ్బాయి కొట్టంలో ఏం చేశాడో చెప్పాను. తర్వాత, "తాళం వేసి మీకు చేస్తాను," అన్నాడు. పది నిమిషాల్లో చేశాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

లైల్ వారాంతానికి ఊరొచ్చాడు. చర్చిలో నన్ను చూసి పక్క వరసలోకి తప్పుకున్నాడు. భోజనాల వేళ అయ్యాక ఫోన్ చేశాను.

"ఇంట్లో తుపాకి ఎక్కడుంది, లైల్?"

"టీచర్, ఓటింగ్ అయిపోయింది కదా."

"నేను ఓటు అడగట్లేదు. మీ వాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు. తుపాకి ఎక్కడుంది?"

"పడకగదిలో. అలమారా పై అరలో."

"తాళం?"

"కొన్నప్పుడు డబ్బాలో తుపాకి మీటకి వేసే తాళం ఒకటి ఇచ్చారు. ఎక్కడో ఉంది."

"పిల్లలకి తెలుసా అది అక్కడుందని?"

"తెలియదు. వాళ్ళకి అందదు."

నేనేమీ అనలేదు. పిల్లలు తప్పు జవాబు చెప్పినప్పుడు ఊరుకుంటే చాలు, వాళ్ళే దిద్దుకుంటారు. లైల్ దిద్దుకోలేదు.

"వెళ్ళి వేసిరా. నేను లైన్లోనే ఉంటాను."

నిట్టూర్చాడు. కుర్చీ జరిగింది. మెట్లు ఎక్కిన చప్పుడు. వెనకే చిన్న పాదాలు కూడా ఎక్కాయి, "నాన్నా, ఎక్కడికి?" అంటూ. అలమారా తలుపు తెరుచుకుంది. డబ్బాలు జరిపాడు. సొరుగులు లాగాడు, మూశాడు.

"తాళం కనబడట్లేదు టీచర్. రేపు కొత్తది కొని..."

అప్పుడు ఆ చిన్నపిల్ల గొంతు స్పష్టంగా వినబడింది.

"అక్కడ కాదు నాన్నా. తుపాకి కింద ఉంది. సాక్సులో."

లైల్ ఫోను దేని మీదో పెట్టినట్టున్నాడు. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు, తాళం పడిన చప్పుడు.

"వేశాను, టీచర్," అన్నాడు. ఏడుస్తున్నాడు.

"మంచిది, లైల్," అన్నాను. "ఇప్పుడు పాసయ్యావు."

వాడు ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు. అవతల ఆ పిల్ల తాళాన్ని పట్టుకుని లాగి చూస్తోంది, రావట్లేదు నాన్నా అంటోంది.